పొట్టి వాక్యం

ఏడో పందిరి. ముప్పై ఒకటో ఏడు. చూపు గది పుస్తకం. రాసేది తీతయ్య, బోధకుడు.

112వ రోజు

ఇవాళ్టి వంతువాళ్లు ఇరవై ఇద్దరు బల్ల మీదికి ఎక్కారు. ఒక్కో వంతుకి నలభై రోజులకోసారి బల్ల. ఇరవై ఒక్కరికి నిండు వాక్యం, ఒకరికి పొట్టిది.

హసీనా యంత్రం దగ్గర కూర్చుంది. నేను తలుపు పక్కన నిలబడ్డాను. మనిషి వెల్లకిలా పడుకుని, గుండెల నిండా గాలి పీల్చి పట్టుకుంటాడు. నేను వాక్యం చెబుతాను. మట్టి ముద్ద ముక్కులో దేవుడు ఊపిరి ఊదిన వాక్యం అది. నిదానంగా చెబితే సరిగ్గా పన్నెండు లెక్క. వాక్యం పూర్తయ్యేసరికి యంత్రం రొమ్ముని పొరలు పొరలుగా బొమ్మ తీసేస్తుంది. అంతసేపు పట్టలేనివాళ్లకి పొట్టి వాక్యం, దేవుడు తోడున్నాడు భయపడొద్దనేది. అయిదు లెక్క. సగం ఊపిరి పీల్చినా చాలంటాను. పేరు పక్కన 'ని' అనో 'పొ' అనో రాస్తాను. తొమ్మిదేళ్లుగా ఇంతే.

నువ్వు ఈ మాటలు నమ్ముతావా అని హసీనాని ఒకసారి అడిగాను. "నేను నమ్మినా నమ్మకపోయినా మీ వాక్యం పన్నెండు లెక్కకే ఆగుతుంది బోధకుడుగారూ. గడియారం కన్నా నయం" అంది.

ఇవాళ పొట్టి వాక్యం మా చెల్లెలు దోర్కమ్మకి. బొమ్మలో అట్టడుగున, వీపు వైపు, రెండు పక్కలా పల్చటి మసక ఉంది. 'పడక నీడ' అని రాశాను. వెల్లకిలా పడుకుంటే బరువుకి వీపు వైపు చేరే నీడ అది, లేస్తే పోతుంది, చాలామందికి ఉంటుంది. దుమ్ము జబ్బయితే పైన, భుజాల కింద, ఆవాలు చల్లినట్టు కనిపిస్తుంది. ఆమెకి పైనంతా శుభ్రంగా ఉంది. దేవునికి స్తోత్రం అని కూడా రాసి సంతకం పెట్టాను.

119వ రోజు

నీళ్ల వంతు మాది. తొట్టి కడగడానికి దోర్కమ్మ వచ్చింది. చన్నీళ్లలో చేతులు పెట్టగానే వేళ్లు సుద్దముక్కల్లా తెల్లబడ్డాయి. కాసేపటికి నీలంగా మారాయి, తర్వాత ఎర్రబడ్డాయి. చలికాలం నుంచీ ఇలాగే ఉందట.

ఆమె పందిరి గుడ్డ కుట్టే మనిషి. మన నెత్తిన ఉన్న ఈ వడపోత గుడ్డలో నాలుగో వంతు ఆమె చేతి కుట్టే. అయితే కుట్టేవాళ్లకి కాయలు కాసేది వేలి కొసల మీద. ఆమెకి బొటనవేలికీ చూపుడువేలికీ పక్కల చర్మం బీటలు వేసింది, గరుగ్గా ఉంది. "మా ఆడాళ్లు ఈ చేతులు చూసి, నువ్వు సూది మానేసి గునపం పట్టుకోవే అంటున్నారు" అని నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. పొడి దగ్గు.

పొద్దున్నే పిడికిలి బిగియడం లేదట. వయసు అన్నాను. నాకంటే ఏడేళ్లు చిన్నది.

131వ రోజు

మధ్యాహ్నం తూర్పు వైపు గుడ్డ చిరిగింది. గజం పొడవు. తెల్ల దుమ్ము లోపలికి దిగింది. అందరం మూతికి గుడ్డలు బిగించుకుని పరిగెత్తాం. కుట్టాల్సింది దోర్కమ్మ. నిచ్చెన నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయింది. ఆ మెట్టు మీదే నిలబడి నుదురు నిచ్చెనకి ఆనించింది. మిగతా ఆడవాళ్లు వేరే నిచ్చెన వేసుకుని కుట్టేశారు.

ఆమెని కిందికి దింపుతుంటే నా చెవి ఆమె వీపుకి ఆనింది. ఆమె ఊపిరి పీల్చింది. మూతిగుడ్డ పట్టీ ఊడదీస్తే వచ్చే చప్పుడు వినిపించింది, ముళ్ల పట్టీని నెమ్మదిగా లాగితే చిరచిరమంటుందే, అది. పట్టీ ఊడిందేమోనని చూశాను. గుడ్డ మూతికి గట్టిగానే ఉంది. మళ్లీ చెవి ఆనించాను. చప్పుడు లోపల్నుంచి.

ఎక్కడికి వెళ్లినా నోట్లో నిప్పుందని పేరున్నవాణ్ణి. ఆ పూట నోట్లో ఉమ్మి కూడా లేదు.

133వ రోజు

మూడో పందిరి డాక్టరమ్మతో తీగ మీద మాట్లాడాను. సత్యవేణిగారు. ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. గొంతు బట్టి పెద్దావిడ.

అన్నీ చెప్పాను. వేళ్లు తెల్లబడతాయా, పొద్దున కీళ్లు పట్టేస్తాయా, ముద్ద గొంతులో ఆగినట్టుంటుందా అని ఆవిడ వరసగా అడిగారు. అన్నిటికీ అవుననే చెప్పాను. ముద్ద సంగతి పక్కనే ఉన్న దోర్కమ్మ చెప్పింది, నాకు తెలియదు.

ఆవిడ చెప్పింది ఇది. మన ఒంట్లో కాపలా ఒకటి ఉంటుంది. బయటి పురుగుని పట్టుకుని చంపడం దాని పని. కొందరిలో అది దారి తప్పుతుంది. ఇంటి కుక్క ఇంటివాళ్లనే కరిచినట్టు ఒంటినే కరుస్తుంది. ముందు వేళ్లు, కీళ్లు. తర్వాత ఊపిరితిత్తి. దుమ్ము పై నుంచి పడుతుంది, ఇది అడుగు నుంచి ఎక్కుతుంది. మొదట నోటితో ఊదిన అద్దంలా మసక వేస్తుంది. ఆ దశలో కాపలాని అణిచే మందు వేస్తే ఆగుతుంది. ఆలస్యమైతే మసక ఉన్న చోట తేనెపట్టు గూళ్లలా బొక్కలు పడతాయి. గూడు కట్టిన చోటికి గాలి వెళ్లినా ఉపయోగం లేదు. ఏ మందూ దాన్ని వెనక్కి తేలేదు.

తనలో తాను చీలిన ఇల్లు నిలవదని వంద ప్రసంగాలు చేశాను. అది ఒక మనిషి రొమ్ము లోపల జరుగుతుందని తెలియదు.

112వ రోజు బొమ్మ పంపాం. చూసి ఆవిడన్నారు: "ఇది సగం ఊపిరి బొమ్మ. ఊపిరి చాలకపోయినా అడుగున ఇలాగే మసకగా ఉంటుంది, పడక నీడయినా ఇలాగే ఉంటుంది. నిండు ఊపిరితో, బోర్లా పడుకోబెట్టి తీయండి. అది లేకుండా మందు పంపను. ఆ మందు వేసుకున్న మనిషిని మామూలు జలుబు కూడా చంపుతుంది."

మా పందిట్లో ఎవరూ బోర్లా పడుకోరని చెప్పాను.

"అయితే అది మీరూ మీ చెల్లెలూ తేల్చుకోండి" అన్నారు.

134వ రోజు

హసీనా తడి గుడ్డ తెచ్చి గది మధ్య పట్టుకుంది. నీళ్లు కింది అంచుకి చేరాయి. గుడ్డని తలకిందులు చేసింది. నీళ్లు మెల్లగా రెండో అంచుకి దిగాయి. "పడక నీడ ఇది. తిరగేస్తే జారిపోతుంది." తర్వాత గుడ్డ మీద పాత తుప్పు మరక చూపించింది. ఎటు తిప్పినా మరక అక్కడే ఉంది. గుడ్డ పిండి ఆరేసుకుంది.

తలుపు మీది పలక నేను రాయించిందే. ఈ బల్ల మీద ఎవరూ బోర్లా పడుకోరాదు.

ఎందుకో రాస్తాను. మొదటి పందిరి కూలిన రోజున నలభై మంది పోయారు. నలభై మందీ బోర్లానే దొరికారు, నేల దగ్గర మంచి గాలి ఉంటుందేమోనని మూతి మట్టిలో పెట్టి. అప్పటినుంచి మనం శవాన్ని బోర్లా పడుకోబెట్టి బండి మీద సాగనంపుతాం, ముఖానికి దుమ్ము తగలకుండా. బతికున్నవాళ్లు అలా పడుకోరు, పసిపిల్లల్ని కూడా పడుకోనివ్వరు. తొమ్మిదేళ్ల కిందట, హసీనా కంటే ముందున్న యంత్రం మనిషి కొందరిని బోర్లా తిప్పి బొమ్మ తీద్దామన్నాడు. ఆ ఆదివారం నేను లేచాను. చచ్చినవాడు మట్టిని చూస్తాడు, బతికినవాడు ఆకాశాన్ని చూస్తాడు అన్నాను. ఎండిన ఎముకల లోయలో ఊపిరి వచ్చినప్పుడు వాళ్లు కాళ్ల మీద లేచి నిలబడ్డారు గానీ బోర్లా పడుకున్నారా అని అడిగాను. జనం ఏడ్చారు. ఆ మనిషి సంచి సర్దుకుని అయిదో పందిరికి వెళ్లిపోయాడు.

నా ప్రసంగాల్లో అదే మంచిదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

151వ రోజు

పదిహేడు రోజులు ఏమీ రాయలేదు. చేసింది కూడా లేదు. తొట్టి కడిగాను. ఆదివారాలు ప్రసంగం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు, బాగుందన్నారు. ప్రార్థనకి మోకరిస్తే మోకాళ్లు నొప్పి పుట్టాయి, అంతే.

దోర్కమ్మ ఇప్పుడు కూర్చునే కుడుతోంది. దారం ఎక్కించి ఆగుతుంది. ముడివేసి ఆగుతుంది.

152వ రోజు

దోర్కమ్మ వంతుకి నలభయ్యో రోజు వచ్చింది. మళ్లీ బల్ల.

పంతొమ్మిది మందికి నిండు వాక్యం. తర్వాత దోర్కమ్మ. వెల్లకిలా పడుకుంది. పొట్టి వాక్యం మొదలుపెట్టాను. మూడో లెక్కకి దగ్గింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ దగ్గింది. దీనికంటే పొట్టిది ఏముందా అని మనసులో పేజీలు తిప్పుతూ నిలబడ్డాను. రెండు మాటల్లో అయిపోయేది ఒకటి ఉంది. గ్రంథంలో అన్నిటికంటే చిన్నది, ఆయన ఏడ్చాడని చెప్పేది. దాన్నే అందుకోబోతున్నాను.

ఆమె బల్ల మీదే లేచి కూర్చుంది.

"అన్నయ్యా, నాకింక పొట్టి వాక్యం చెప్పొద్దు."

చెప్పకపోతే ఎలా ఆపుతావన్నాను.

"ఆపలేనని డాక్టరమ్మకి తెలియాలి కదా. నువ్వు నాకు వాక్యం కత్తిరించి పెడుతున్నావు, చిన్నప్పుడు రొట్టె అంచులు తీసి పెట్టినట్టు. ఈ ఏడాదిలో ఎన్నిసార్లు కత్తిరించావో నాకు తెలుసు." ఊపిరి తీసుకుంది. "నన్ను బోర్లా తిప్పితే పోయేది ఎవరి పరువు? నాది కాదు."

హసీనా యంత్రం వైపు తిరిగి కూర్చుంది, విననట్టు.

153వ రోజు

పొద్దున గంట కొట్టించాను. పందిరి కింద అందరూ చేరారు.

పొడుగ్గా మాట్లాడలేదు. నేను తప్పు చెప్పాను, బోర్లా పడుకోవడం చావు కాదు, బొమ్మ కోసం అవసరం, పలక తీసేస్తున్నాను అన్నాను. వెనకున్నవాళ్లకి వినిపించలేదని ఒకరు ముందుకి వచ్చి చెప్పారు, మళ్లీ చెప్పాను.

పందిరి పెద్ద వరహాలు, ఆ మాట మీదే, పలకా మీదే, తీసేయడమూ మీరే చెయ్యండి అన్నాడు. ముసలి గంగులు మాత్రం, తొమ్మిదేళ్లు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి గురక పెట్టించి మా ఆవిడతో తిట్లు తినిపించావు కదయ్యా అన్నాడు. కొందరు నవ్వారు.

అప్పుడు మంగాయమ్మ లేచింది. శవాల బండి చేసిన వడ్రంగి సింహాద్రి భార్య. సింహాద్రి నాలుగేళ్ల కిందట దగ్గి దగ్గి పోయాడు. తను చేసిన బండి మీదే వెళ్లాడు.

"మా ఆయనకి కూడా వేళ్లు తెల్లబడేవి అయ్యగారూ. పక్క మీద ఆయనంతట ఆయన బోర్లా తిరిగేవాడు, అలాగయితే ఊపిరి ఆడుతోందే అనేవాడు. మీ ప్రసంగం విన్నదాన్ని కదా, చావుని పిలవకని నేనే తిప్పేదాన్ని వెల్లకిలా." ఆగింది. "ఇప్పుడు మీ చెల్లెలికి వచ్చేసరికి దేవుడు మాట మార్చాడా?"

నా దగ్గర గ్రంథం ఉంది. చేతిలోనే ఉంది. తెరవలేదు. కాదమ్మా, మాట ఆయనది కాదు, నాది అన్నాను. అది సరిపోదని ఇద్దరికీ తెలుసు. ఆమె కూర్చుంది.

ముందు ఎవరు పడుకుంటారంటే ఎవరూ కదల్లేదు. నేనే చూపు గదిలోకి వెళ్లి పడుకున్నాను. తలుపు తెరిచే ఉంచమన్నాను, అందరూ చూడటానికి. చెంప బల్లకి ఆనింది, చల్లగా ఉంది. అయ్యగారు పోయారర్రా అని గంగులు అన్నాడు. వాక్యం చెప్పేవాళ్లు లేరు, నేను ఊపిరి పట్టాను కదా. హసీనా చెప్పింది. పదం పొల్లు పోలేదు. తొమ్మిదేళ్లుగా వింటోంది.

నా పాత బొమ్మలో పడక నీడ ఉంది. కొత్త బొమ్మలో లేదు. నీళ్లు జారిపోయాయి.

154వ రోజు

దోర్కమ్మ బోర్లా పడుకుంది. చేతులు తల పక్కన పెట్టుకుంది. బీటలు వేసిన వేళ్లు నా వైపు ఉన్నాయి.

నిండు వాక్యం చెప్పాను. తొందరపడలేదు, కత్తిరించలేదు. ఏడో లెక్క దగ్గర ఆమె వీపు వణికింది. ఎనిమిది. తొమ్మిది. తొమ్మిది దాకా పట్టింది. హసీనా చెయ్యెత్తి, కావలసినంత వచ్చింది అంది. నేను మిగతా మూడు లెక్కలూ కూడా చెప్పి ముగించాను. ఎందుకో ఆగలేకపోయాను.

నీడ జారలేదు. ఎక్కడిదక్కడే ఉంది, రెండు పక్కలా, అడుగున. పక్కటెముకల వెంబడి సన్నటి అంచు మాత్రం శుభ్రంగా ఉంది, గుడ్డకి జరీ అంచులాగా. పడక నీడయితే ముందు ఆ అంచుకే చేరేది. ఇన్నేళ్లూ ఆ అంచుని ఎప్పుడైనా చూశానా అని ఆలోచించాను. చూసే ఉంటాను.

డాక్టరమ్మ తీగ మీద ఒక్కో పొర చదివారు. మసక ఎక్కువ, అది మందుకి లొంగుతుంది. ఎడమ పక్క అట్టడుగు మూల నాలుగైదు గూళ్లు కట్టాయి. కుడి పక్క రెండు. అవి పోవు. "మందు పంపుతున్నాను. ఉన్నది నిలుపుదాం. పోయింది రాదు" అన్నారు.

కిందటేడు తీసి ఉంటే గూళ్లు ఉండేవా అని అడిగాను. ఆవిడ తిరిగి నన్నే అడిగారు. "బోధకుడుగారూ, మీ పందిట్లో ఊపిరి పట్టలేనివాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? గుర్తుచేసుకోండి."

గుర్తుచేసుకోనక్కర్లేదన్నాను. రాసే ఉంది.

155వ రోజు

తొమ్మిదేళ్ల పుస్తకాలు బల్ల మీద పరిచాం. హసీనా పేజీలు తిప్పింది, నేను వేలు పెట్టి చూశాను. వేరే ఏదీ చూడలేదు. 'పొ' ఒక్కటే.

ఒకటి రెండుసార్లు 'పొ' ఉండి మళ్లీ 'ని' వచ్చినవాళ్లున్నారు. వాళ్లకి జలుబు చేసి ఉంటుంది. ఒకసారి 'పొ' పడ్డాక మళ్లీ ఎప్పుడూ 'ని' రానివాళ్లు పదిహేడుగురు. పదిహేడుగురి పక్కనా 'పడక నీడ' అని ఉంది. నా చేతిరాత. పదిహేను చోట్ల దేవునికి స్తోత్రం అని కూడా ఉంది.

ఎవరికి జబ్బుందో నేను తొమ్మిదేళ్లుగా రాసిపెడుతూనే ఉన్నాను. ఒక్కొక్కరి మీద జాలిపడి రాశాను.

పదిహేడుగురిలో ఆరుగురు లేరు. బల్ల మీద వాళ్లని బోర్లా పడుకోనివ్వలేదు. చివరికి పడుకున్నారు. ఆ ఆరుగురినీ బండి మీద బోర్లా తిప్పింది నా చేతులే.

మిగిలింది పదకొండు మంది, దోర్కమ్మతో కలిపి. పది గుమ్మాలు ఎక్కాలి.

161వ రోజు

ఎనిమిది గుమ్మాలు అయ్యాయి. ప్రసంగం ఏమీ చెప్పలేదు. వచ్చి బోర్లా పడుకోండి అన్నాను. ఇద్దరు తలుపు వేసేశారు. రేపు మళ్లీ వెళ్తాను.

మందు వచ్చింది. దోర్కమ్మ మొదటి మాత్ర వేసుకుంది. ఇకనుంచి పందిరి లోపల కూడా మూతిగుడ్డ తీయకూడదు. ఒంట్లో కాపలా పడుకుంటుంది కాబట్టి గుడ్డే కాపలా. మాట సరిగ్గా వినబడదు. నయం, ఆదివారం పాటల్లో నా గొంతు ఎవరూ వెతకరు ఇంక అంది.

మిగిలిన పందిరి గుడ్డతో ఒక దిండు కుట్టింది, మధ్యలో ముక్కుకీ నోటికీ బొక్క పెట్టి. బోర్లా పడుకున్నవాళ్లకి ఊపిరాడాలి కదా అంది. ఆ చేతులతో మూడు రోజులు పట్టింది. కుట్లు మునుపటంత దగ్గరగా లేవు.

166వ రోజు

బొమ్మలు తీయడం అయిపోయింది. పదిమందీ వచ్చారు. ఏడుగురికి నీడ జారలేదు. నలుగురికి మసక మాత్రమే, ముగ్గురికి గూళ్లు. ఆ ముగ్గురికీ నేనే చెప్పాను.

బల్ల తుడుస్తుంటే మంగాయమ్మ వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, పలక ఉన్న చోట మేకు బొక్కలు చూసింది.

మా ఆయన బొమ్మ ఉందా అని అడిగింది. హసీనా తీసి చూపించింది. చివరి బొమ్మ. అడుగున రెండు పక్కలా గూళ్లే. వివరించనక్కర్లేకపోయింది, ఆమె వారం రోజులుగా ఆ బొమ్మల గురించి వింటోంది. వేలితో గూళ్లు లెక్కపెట్టబోయి మానేసింది.

"ఆ రోజు ఆయనకి ఏ వాక్యం చెప్పారు?"

పుస్తకం తెరిచాను. పేరు పక్కన చూపించాను. ఆమెకి చదువు రాదు, చదివి చెప్పాను. పొట్టిది.

ఆమె బల్ల మీద కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. హసీనా యంత్రం ఆపేసింది.

"నిండుది చెప్పండి" అంది మంగాయమ్మ.

ఆమె దిండు సర్దుకుని బోర్లా పడుకుంది. గుండెల నిండా గాలి పీల్చింది. యంత్రం తిరగడం లేదు. బొమ్మ లేదు. నేను చెప్పాను, మట్టి దగ్గర మొదలుపెట్టి, పన్నెండు లెక్క, మాట మాటా. ఆమె చివరిదాకా పట్టి ఉంచి, అయ్యాక వదిలింది.

రాసుకున్నాను.

సింహాద్రి, వడ్రంగి. ని.